మొగ పూడి ఉండగానే చెత్త పట్టాలి: తీర రక్షణ బృందాలకు ఒక ప్రసంగం

(శ్రీకాకుళం, విజయనగరం తీర గ్రామాల స్వచ్ఛంద బృందాల శిక్షణలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. కళింగపట్నం, బందరువానిపేట, భావనపాడు, బారువ వైపు వాళ్లు ఉన్నారు. విజయనగరం వైపు నుంచి చింతపల్లి, కోనాడ, ముక్కాం వాళ్లు వచ్చారు. డ్వాక్రా అక్కలు, చేపల వేటకెళ్లే అన్నలు, కాలేజీ పిల్లలు అందరూ చేయబోయేది ఒకే పని కాబట్టి నేరుగా అందులోకే వెళ్దాం.

మన బృందాలు ఎక్కువగా సెప్టెంబరు మూడో శనివారం, అంతర్జాతీయ తీర శుభ్రత దినం నాడు ఒడ్డుకి వస్తాయి. రావాలి కూడా. కానీ మన తీరం సంగతి చూస్తే అప్పటికే ఆలస్యమైపోయింది. ఎందుకో చెబుతాను, ఎందుకంటే ఈ రోజు నేను చెప్పే మిగతాదంతా దీని మీదే నిలబడి ఉంది.

శ్రీకాకుళం జిల్లాకి సుమారు 193 కిలోమీటర్ల తీరం, విజయనగరానికి సుమారు 28. ఇంత పొడవునా చెత్త సముద్రంలోకి దిగే దారులు మాత్రం లెక్కపెట్టగలిగినన్నే. కళింగపట్నం దగ్గర వంశధార, కళ్లేపల్లి దగ్గర నాగావళి, కోనాడ దగ్గర చంపావతి, బారువ దగ్గర మహేంద్రతనయ, ఇచ్ఛాపురం దాటాక బాహుదా, వీటి మధ్య బోలెడు చిన్న గెడ్డలు, అంటే వాగులు. ఎండాకాలం నీళ్లు తగ్గగానే కెరటాలు ఇసుక తెచ్చి పోస్తాయి, చిన్న గెడ్డల మొగలు, అంటే అవి సముద్రంలో కలిసే చోట్లు, పూడుకుపోతాయి. ఆ ఇసుక మేట వెనకాల ఊళ్ల మురుగు, సంచులు, సీసాలు, డయపర్లు, మందుల స్ట్రిప్పులు నెలల తరబడి నిలబడి ఉంటాయి. జూన్‌లో మొదటి పెద్ద వాన పడగానే మేట తెగుతుంది. నెలలపాటు పోగైనదంతా ఒకటి రెండు రోజుల్లో సముద్రంలో పడుతుంది. ఆ కాలంలో ఒడ్డు వెంట ప్రవాహం ఉత్తరంగా, ఒడిశా వైపు నడుస్తుంది. జూన్‌లో కోనాడ దగ్గర దిగిన సీసాని సెప్టెంబరులో కోనాడ బృందం ఏరలేదు. అక్టోబరు, నవంబరు వచ్చేసరికి ప్రవాహం దక్షిణానికి తిరుగుతుంది, అప్పుడు పైనుంచి వచ్చిన చెత్త మన ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట ఒడ్డుల మీద చేరుతుంది.

కాబట్టి ఏడాదిలో మీ బృందం ఒకే ఒక్క పెద్ద పని చేయగలిగితే, అది మే నెల రెండో సగంలో, మొగ ఇంకా పూడి ఉండగా, మేట వెనకాల చెయ్యండి. అప్పుడు చెత్త కదలదు. లోతు తక్కువ. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు బోట్లు ఒడ్డునే ఉంటాయి. నీటి మనసు తెలిసిన మనుషులు ఊళ్లోనే ఉంటారు. ఎండ ఒక్కటే ఇబ్బంది. తెల్లారి ఐదున్నరకి మొదలెట్టి ఎనిమిదికి ఆపేయండి. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు ఉండాలి. లీటరు నీళ్లకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి ఒక క్యాను పక్కన పెట్టుకోండి. టీ చెంచా కొలత అది, అన్నం గరిట కాదు.

మేట వెనకాల నీళ్లలోకి ఉత్త కాళ్లతో దిగొద్దు. అది ఆసుపత్రి సూదులు, గాజు పెంకులు కనపడకుండా మునిగి ఉండే మురుగు. మోకాలి దాకా వచ్చే గమ్ బూట్లు, మందపాటి చేతి తొడుగులు వేసుకోండి, చేతిలో పొడుగు పట్టకారు ఉండాలి. పొడుగాటి వెదురుకి చేపల బుట్టవల కట్టి గట్టు మీద నుంచే లాగగలిగితే ఇంకా మంచిది. కోసుకున్న పుండు ఉన్నవాళ్లు ఆ రోజు గట్టు మీద రాతపని చూసుకోవాలి.

ఇప్పుడు గెడ్డకి అడ్డుకట్టే తేలియాడే తాడు సంగతి. దీన్ని చాలామంది తప్పుగా కడుతున్నారు కాబట్టి కొంచెం నింపాదిగా చెబుతాను. మూతలు గట్టిగా బిగించిన 20 లీటర్ల ఖాళీ క్యాన్లు గానీ, రెండు కొనలూ మూసేసిన పీవీసీ పైపులు గానీ ఒక మోకుకి వరసగా కడతారు. దాని కింద 30 సెంటీమీటర్ల వల పరదాలా వేలాడాలి, వల అడుగున చిన్న బరువులు. పరదా గెడ్డ అడుగుని తాకకూడదు, తాకితే చేపలు, పీతలు రాకపోకలు చేయలేవు, ఇసుక కూడా పేరుకుంటుంది. గెడ్డకి సూటిగా అడ్డంగా కట్టడమే అన్నిటికంటే పెద్ద తప్పు. అలా కడితే చెత్తంతా నడిమధ్యన పోగై బరువుకి మోకు విల్లులా వంగుతుంది, క్యాన్ల కింద నుంచి చెత్త జారిపోతుంది. ఏటవాలుగా కట్టండి. గట్టుతో 30 డిగ్రీల కోణం ఉంటే చెత్త తనంతట తాను మోకు వెంబడి జారి ఒక గట్టుకి చేరుతుంది, అక్కడ నిలబడి తీసుకోవచ్చు. ఆ కోణానికి గెడ్డ వెడల్పు పది మీటర్లైతే మోకు ఇరవై మీటర్లు కావాలి. కొనేముందే ఈ లెక్క చూసుకోండి.

రెండో తప్పు, వేగం చూడకపోవడం. ఎండు కొబ్బరికాయ ఒకటి నీళ్లలో వేసి పది మీటర్లు ఎంతసేపట్లో వెళ్తుందో చూడండి. 20 సెకన్ల లోపే దాటేస్తే ఆ చోట అడ్డు పెట్టొద్దు, ఇంకాస్త ఎగువకి, నీరు నిదానంగా పారే చోటికి వెళ్లండి. మూడోది, వరద. మోకు రెండు కొనల్లో ఒకదాన్ని కావాలనే సన్నపాటి తాడుతో కట్టాలి. వరద వచ్చినప్పుడు ఆ తాడు తెగి అడ్డు మొత్తం ఒక గట్టుకి వాలిపోవాలి. రెండు వైపులా బలంగా కట్టేస్తే కొట్టుకొచ్చిన దుంగలు, గుర్రపుడెక్క దానికి తట్టుకుని నీళ్లు పక్కన పొలాల మీద పడతాయి. అప్పుడు రైతులకీ మీకూ మాటా మాటా వస్తుంది, న్యాయం వాళ్ల వైపే ఉంటుంది. భారీ వాన హెచ్చరిక రాగానే విప్పేయండి. పంచాయతీ, జలవనరుల శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా కట్టొద్దు. నాగావళికి, వంశధారకి ఈ పద్ధతి అసలు పనికిరాదు, ఆ నదుల సంగతి ఎగువ పట్టణాల కాలువల దగ్గరే చూడాలి. ఇక రోజూ తీసేవాళ్లు లేకపోతే అడ్డు కట్టకపోవడమే మేలు. నిండిన అడ్డు ఒక్క రాత్రిలో అంతా వదిలేస్తుంది.

ఒడ్డు మీద ఏరడానికి వద్దాం. ముందు ట్రాక్టరు, తర్వాత మనుషులు. ఏరిన గోతాలు ఏ రోజు, ఏ బండి మీద, ఎక్కడికి వెళ్తాయో పంచాయతీతో ఖరారు కాకుండా ఒక్క సీసా కూడా ఎత్తకండి. సాయంత్రం ఒడ్డున వదిలేసిన గోతాలని కుక్కలు, ఆవులు చింపేస్తాయి, రాత్రి పోటు మిగిలినది లాక్కుపోతుంది. చెదురుమదురుగా ఉన్న చెత్తని కుప్ప చేసి సముద్రానికి అప్పగించినట్టు అవుతుంది. మన కార్యక్రమాలు ఎక్కువగా చెడేది ఇక్కడే. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

గోతాల కోసం కొత్త ప్లాస్టిక్ సంచులు కొనకండి. బియ్యం గోతాలు, యూరియా గోతాలు చాలు. అయితే ఎండలో పడి ఉన్న పాత గోతాం వద్దు. అంచు పట్టుకుని గోటితో గీకితే పొడి పొడిగా పీచు రాలుతోందంటే అది నడిచినంత దూరం ప్లాస్టిక్ నలుసులు జల్లుతూ పోతుంది. సూదులు, బ్లేడ్లు గోతంలో వేయకూడదు. మూత ఉన్న గట్టి డబ్బా ఒకటి, అది మోసే మనిషి ఒకరు విడిగా ఉండాలి. మూతపెట్టిన రసాయనాల డ్రమ్ములు, సిలిండర్లు, పేరు తెలియని లోహపు గొట్టాలు కనిపిస్తే ముట్టుకోవద్దు, జనాన్ని దూరం జరిపి మెరైన్ పోలీసులకి చెప్పండి. సముద్రం మీద ఆపద ఏదైనా కనిపిస్తే కోస్ట్ గార్డు నంబరు 1554.

సమయం పాటు మీద, అంటే నీళ్లు వెనక్కి తగ్గే వేళ మీద ఆధారపడి ఉంటుంది. మన వైపు రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. రోజు రోజుకీ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. ఆదివారం కదా అని ఆదివారం పెట్టుకుంటే సరిగ్గా పోటు వేళకి వెళ్తారు, ఏరాల్సిన ఇసుక నీళ్ల కింద ఉంటుంది. తిథిని బట్టి పాటు ఎప్పుడో మీ ఊరి పెద్ద వేటగాడిని అడగండి, పోర్టు పట్టికతో సరిచూసుకోండి. ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార కేంద్రం) వాళ్ల అలల హెచ్చరిక కూడా ముందురోజు చూడండి. చెత్త రెండు గీతల్లో దొరుకుతుంది. నిన్నటి పోటు వదిలిన గీత ఒకటి, అందులో కొత్త చెత్త ఉంటుంది. ఇంకా పైన, సరుగుడు తోటల అంచున, బాలబండి తీగ పాకే దిబ్బల మొదట్లో పాత చెత్త చిక్కుకుని ఉంటుంది. అందరూ తడి ఇసుక మీదే నడుస్తారు, పై గీతని వదిలేస్తారు. తుఫాను ఉప్పెన మళ్లీ సముద్రంలోకి తోసేది ఆ పై గీతనే.

తీగని పీకకండి. ఆ తీగ, ఆ ముళ్ల గడ్డి ఇసుకని పట్టి ఉంచేవి. కొట్టుకొచ్చిన నాచు, గవ్వలు, చెక్క ముక్కలు కూడా చెత్త కాదు, పీతలకి, పిట్టలకి అదే తిండి. జేసీబీ, ట్రాక్టరు పళ్లతో ఇసుక గీకించొద్దు. శుభ్రంగా కనిపిస్తుంది నిజమే, కానీ పీత బొరియలు పూడిపోతాయి, పైనున్న ప్లాస్టిక్ అడుగుకి వెళ్తుంది.

తాబేళ్ల మాట ఇక్కడే చెప్పేయాలి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు చలికాలం చివర నుంచి వేసవి మొదటి దాకా మన ఒడ్డుల మీద గుడ్లు పెడతాయి. ఒక గూట్లో వంద, ఆపైన. ఇసుకలో మూరెడు లోతున ఉంటాయి, 45 నుంచి 60 రోజుల్లో పిల్లలవుతాయి. అంటే జనవరి నుంచి మే దాకా పోటు గీతకి పైన పార పెట్టకూడదు, బండి ఎక్కించకూడదు. పై గీత చెత్తని చేత్తోనే ఏరాలి. గుడ్లు కనిపిస్తే కదపొద్దు. ఈ తాబేలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది, గుడ్లని సంరక్షణ కేంద్రానికి మార్చే పని అటవీ శాఖ వాళ్లు, వాళ్ల అనుమతి ఉన్నవాళ్లే చెయ్యాలి. తిప్పి పెడితే గుడ్డులో పిండం చచ్చిపోతుంది. చచ్చిన తాబేలు కొట్టుకొస్తే వెంటనే పూడ్చేయకండి. పెంకు పొడవు కొలిచి, మెడ మీద రెక్కల మీద వల కోతలు ఉన్నాయేమో ఫోటో తీసి, అటవీ శాఖకి చెప్పాక వాళ్ల ముందు పూడ్చండి. ఫోటో లేకపోతే ఎందుకు చచ్చిందో ఎవరూ నిరూపించలేరు.

లెక్క గురించి. ఎన్ని టన్నులు ఎత్తామన్నది పేపర్లో వేసుకోవడానికి పనికొస్తుంది గానీ, చెత్త ఎక్కడి నుంచి వస్తోందో చెప్పదు. తడి ఇసుకతో కలిపి తూచిన బరువు మరీ మోసం. మీ ఒడ్డులో వంద మీటర్లు ఎంచుకోండి. రెండు కొనలకీ కదలని గుర్తు ఉండాలి, లైటుహౌసో, కరెంటు స్తంభమో, నూతి గట్టో. ఇసుకలో పాతిన కర్ర ఒక్క పోటుకి పోతుంది. ప్రతి నెలా అదే వంద మీటర్లు, నీటి అంచు నుంచి తీగల దాకా, రెండున్నర సెంటీమీటర్ల కంటే పెద్దవన్నీ ఏరి రకం వారీగా లెక్కపెట్టండి. ఐదుగురు చాలు. ఇద్దరు ఏరేవాళ్లు, ఒకరు రాసేవాళ్లు, ఒకరు కాటా చూసేవాళ్లు, ఒకరు సూదుల డబ్బా. రాసేవాళ్లని నెల నెలా మార్చకండి. ఒకరు తాడు ముక్క అన్నది ఇంకొకరు వల ముక్క అని రాస్తే ఏడాది లెక్క పాడవుతుంది.

ఈ లెక్కల పుస్తకం చదవడం వస్తే చెత్తే దారి చెబుతుంది. వాన తర్వాత మందుల స్ట్రిప్పులు, షాంపూ సాచెట్లు పెరిగితే గెడ్డ. బెండ్లు, తాడు ముక్కలు, థర్మాకోలు పెచ్చులు పెరిగితే బోట్లు ఆగే రేవు. గాజు గ్లాసులు, బిరియానీ డబ్బాలు, కార్తీకమాసం అయ్యాక పళ్లాలు పెరిగితే ఒడ్డుకి వచ్చిన జనం. సీసా మీద చిన్న చిన్న తెల్ల గుల్లలు అంటుకుని ఉంటే అది చాలాకాలం సముద్రంలో తిరిగొచ్చింది, మీ ఊరిది కాకపోవచ్చు. నీళ్ల సీసా మూత ఉంటేనే దూరం తేలుతుంది, మూత లేనిది నీళ్లు నిండి మునుగుతుంది. అంటే ఒడ్డున దొరికే సీసాలు మునిగినవాటిని చూపించవు. ప్యాకెట్ల మీద కంపెనీల పేర్లు కూడా రాయండి. ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనల్లో తయారీదారు బాధ్యత అనేది ఉంది, అడిగేటప్పుడు చేతిలో లెక్క ఉండాలి.

చిన్న నలుసులు చూడాలనుకునే కాలేజీ పిల్లలకి ఒక పద్ధతి. అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పు చదరం గీసి, పై ఐదు సెంటీమీటర్ల ఇసుక తీయండి. పన్నెండున్నర లీటర్లు వస్తుంది. ఆరబెట్టి, ఐదు మిల్లీమీటర్ల జల్లెడ పట్టండి. కిందపడినదాన్ని లీటరుకి 300 గ్రాముల ఉప్పు కరిగించిన నీళ్లలో వేసి కలిపి కాసేపు ఆగండి. మామూలు నీళ్లలో పాలిథీన్, పాలీప్రొపిలీన్, థర్మాకోలు లాంటివే తేలతాయి, ఇంత ఉప్పులో నైలాన్ కూడా పైకొస్తుంది. నీళ్ల సీసా ప్లాస్టిక్, పీవీసీ అప్పటికీ మునిగే ఉంటాయి. కాబట్టి తేలినవే మొత్తం అని రాయకండి.

ఏరినదాన్ని ఏం చెయ్యాలి? తగలబెట్టొద్దు. పీవీసీ కాలితే, ఉప్పు పట్టిన ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్ లాంటి విషాలు పుడతాయి, ఆ పొగ పీల్చేది పక్కనున్న మన పేటలే. ఒడ్డున గొయ్యి తీసి పూడ్చొద్దు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ లాంటిది మళ్లీ వస్తే ఆ గొయ్యి మొత్తం తవ్వి బయట పోస్తుంది. ఒడ్డునే మూడు కుప్పలు చెయ్యండి. ఇసుక దులిపిన సీసాలు, గట్టి ప్లాస్టిక్, ఇనుము పాత సామాను కొనేవాళ్లు తీసుకుంటారు. ఇసుకతో ఇస్తే తీసుకోరు. చిప్స్ ప్యాకెట్లు, సాచెట్లు ఎవరూ కొనరు, వాటిని విడిగా కట్టి పంచాయతీ చెత్త నుంచి సంపద కేంద్రానికి ఇచ్చి, సిమెంటు బట్టీలకి పంపమని అడగాలి. మూడోది వలలు.

వల ఇసుకలో సగం కూరుకుపోయి ఉంటే లాగకండి. లాగితే పైది చిరిగి చేతికొస్తుంది, కిందది అక్కడే ఉండి వచ్చే పోటుకి బయటపడుతుంది. ఒడ్డు వైపు నుంచి చేత్తో ఇసుక తీసుకుంటూ, మీటరు మీటరు ముక్కలుగా కొక్కెం కత్తితో కోస్తూ చుట్టుకోండి. ముందు లోపల బతికున్న పీతలు, సముద్రపు పాములు ఉన్నాయేమో కర్రతో కదిపి చూడాలి. సముద్రపు పాము విషం ప్రాణం తీస్తుంది, ఒడ్డున కదలకుండా పడి ఉన్నా నమ్మొద్దు. రాళ్లకి చిక్కుకున్న వల కోసం ఎవరూ ఈదుకుంటూ వెళ్లకండి. అది బోటు ఉన్న అన్నల పని, అదీ సముద్రం నిమ్మళంగా ఉన్న రోజున. బెండ్లు, సీసం గుళ్లు విప్పి వేరు చెయ్యండి. సీసం విషం, పైగా మళ్లీ పనికొస్తుంది కాబట్టి వేటగాళ్లకే ఇచ్చేయండి. వేట నిషేధం రోజుల్లో వలలు బాగుచేసుకునేటప్పుడు రాలే ముక్కలే లెక్కలేనన్ని. వల అల్లే ప్రతి పాక దగ్గరా ఒక గోతం వేలాడదీసి, వారానికోసారి తీసుకెళ్లే మనిషి ఉంటే సగం బాధ తీరుతుంది.

బోట్ల ఇంజన్ల నుంచి తీసిన పాత ఆయిలు కూడా అంతే. రేవు దగ్గర మూత ఉన్న డ్రమ్ము ఒకటి, నీడలో, ఇటుకల అరుగు మీద పెట్టండి. దానిలో నీళ్లు, డీజిలు కలపనివ్వొద్దు, కలిస్తే అనుమతి ఉన్న రీసైక్లర్లు తీసుకోరు.

చివరగా నీళ్ల విషయం. చేపలు చచ్చి తేలితే మొదటి రెండు గంటలే ముఖ్యం. సమయం రాయండి. తెల్లవారుజామున చచ్చాయంటే నాచు పెరిగి రాత్రి ప్రాణవాయువు తగ్గి ఉండొచ్చు, ఏ వేళైనా ఒక్కసారిగా అన్ని రకాలూ చచ్చాయంటే విషం ఏదైనా కలిసిందేమో చూడాలి. మొప్పలు ఎర్రగా ఉన్నాయా, పాలిపోయాయా చూడండి. ఎర్రగా ఉంటే ఇప్పుడే చచ్చింది. గాజు సీసాని ఆ నీళ్లతోనే మూడుసార్లు కడిగి, గాలి బుడగ లేకుండా నింపి, చీటీ అంటించి ఐసులో పెట్టండి. వెంటనే కాలుష్య నియంత్రణ మండలికి, మత్స్యశాఖకి ఫోను చెయ్యండి. మీరు పట్టిన సీసా కోర్టులో చెల్లదు. 1974 నీటి చట్టం 21వ సెక్షను ప్రకారం అధికారి ఆ చట్టం చెప్పిన పద్ధతిలో తీసిన నమూనాయే చెల్లుతుంది. మీ సీసా, మీ ఫోటోలు అధికారిని త్వరగా రప్పించడానికి, ఏం వెతకాలో చెప్పడానికి. పైడిభీమవరం లాంటి పారిశ్రామిక వాడలకి దగ్గరలో ఉన్న ఊళ్లవాళ్లు ఈ పద్ధతి ముందే నేర్చుకుని ఉండాలి. ఏ ఫ్యాక్టరీ పేరూ ఆధారం లేకుండా ఎత్తొద్దు, ఆధారం ఉన్నప్పుడు వదలొద్దు. స్నానాలకి పనికొచ్చే సముద్రపు నీటికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన హద్దులు మీ గోడ మీద రాసుకోండి: పీహెచ్ 6.5 నుంచి 8.5, ప్రాణవాయువు లీటరుకి 4 మిల్లీగ్రాములకి తగ్గకూడదు, మల కోలిఫారం (మలం కలిసిందని చూపే బ్యాక్టీరియా) వంద మిల్లీలీటర్లకి 100 దాటకూడదు.

ఇప్పుడు వల ముక్కల పరీక్ష చేసి చూద్దాం. ఆ బకెట్లు రెండూ ముందుకి తీసుకురండి, మంచినీళ్లు చాలు. ఒక్కో ముక్కకీ సబ్బు నీళ్ల చుక్క రాసి, నలిపి వెయ్యండి. లేకపోతే దారాల మధ్య గాలి బుడగలు ఉండి మునగాల్సినది తేలుతుంది. మునిగింది నైలాన్, ఇటు కుప్పలో. తేలింది పాలిథీన్, పాలీప్రొపిలీన్, అటు. రెండూ కలిపితే రీసైక్లరు తీసుకోడు. కోనాడ బృందం ముందు రండి.